సినిమా గబ్బర్ కాదు, చంబా గబర్ సింగ్

గబ్బర్ సింగ్ అనంగనే మన పోరగాళ్లకు ఇద్దరే యాదికొస్తరు. ఒకడు షోలే సినిమాల డాకు. ఇంకొకడు 2012ల వచ్చిన తెలుగు సినిమాల పోలీసు. యూట్యూబ్‌ల ఆ పేరు కొట్టి చూడుండ్రి, పాటలు, ఫైట్లు, డైలాగులు వస్తయి. మూడో మనిషి కనిపించుడు కష్టం. నేను చెప్పేది ఆ మూడో మనిషి ముచ్చట.

ఈయన పేరు గబర్ సింగ్ నేగి. 19 ఏండ్లకే పాణం పోయింది. పోయింది కూడ మన దేశంల కాదు, ఫ్రాన్స్‌ల. 1915 మార్చి 10 నాడు. అప్పట్ల బ్రిటిష్ రాజ్యంల సిపాయికి ఇచ్చే పతకాలల్ల అన్నిటికంటె పెద్దది విక్టోరియా క్రాస్. అది ఈయన పేరు మీద వచ్చింది. అందుకునేతందుకు ఆయన లేడు.

ఈయన మీద నాకెందుకు ధ్యాస పడ్డదంటె, మా ఊరి రోడ్డు మీద తెల్లారక ముందే ఉరికే పోరలను చూసి. మీ ఊర్ల కూడ ఉంటరు. చేతిల ఫోన్, ఫోన్‌ల స్టాప్‌వాచ్, 1600 మీటర్లు. పదిహేడున్నర నిండిందంటె ఆర్మీ ర్యాలీకి తయారు. దేశం కోసమా, కొలువు కోసమా అని అడిగితె నవ్వుతరు. రెండిటికని చెప్పేటోళ్లున్నరు, ముందు కొలువని సాఫ్‌గ చెప్పేటోళ్లున్నరు. నేను తప్పు పట్ట. నూరేండ్ల కింద గఢ్వాల్ కొండలకెళ్లి పల్టన్‌ల చేరిన పోరల కథ కూడ చాన మటుకు ఇదే.

ముందుగాల ఊరు సంగతి. ఇప్పటి ఉత్తరాఖండ్‌ల టెహ్రీ గఢ్వాల్ జిల్లా. రిషికేశ్ నుంచి టెహ్రీకి కొండెక్కే తొవ్వల చంబా అని ఒక చిన్న పట్నం వస్తది. హిమాచల్‌ల ఉన్న చంబా వేరు, ఇది వేరు. దీని దగ్గర మంజూడ్ అనే ఊర్ల 1895 ఏప్రిల్ 21 నాడు గబర్ సింగ్ పుట్టిండు. కొండను మెట్లు మెట్లుగ చెక్కి చేసిన మడులు అక్కడి భూములు. మన దగ్గర ఎకరాలు లెక్కపెడ్తం, అక్కడ మెట్లు లెక్కపెట్టాలె. ఒక మడిల నాగలి తిప్పుకునే జాగ కూడ సరిగ్గ ఉండది. గంత గడ్డ భూమి అన్నదమ్ములకు పంచితె ఏం మిగుల్తది? అందుకే ఆ కొండలల్ల ఇంటికొకడు పల్టన్‌కు పోవుడు తరతరాల సంగతి. మనియార్డర్ మీద బతికే కొండలని ఉత్తరాఖండ్‌ల ఇప్పటికి కూడ చెప్పుకుంటరు. గల్ఫ్ పైసల మీద నడిచిన మన జగిత్యాల, నిజామాబాద్ ఊర్లకు ఈ ముచ్చట విడమరిచి చెప్పాల్సిన పని లేదు.

ఇంకో సంగతి. గబర్ సింగ్ పుట్టిన టెహ్రీ అప్పుడు నేరుగ తెల్లదొరల పాలనల లేదు. అది ఒక రాజుగారి సంస్థానం. మనం నిజాం రయ్యత్ ఉన్నట్టే ఆయన టెహ్రీ రాజు రయ్యత్. రాజు మీద ఇంకో రాజు, వాని మీద లండన్‌ల చక్రవర్తి. ఇన్ని అంతస్తుల కింద ఉన్న కొండూరి పిల్లగాడు, జర్మనీ చక్రవర్తితోని ఇంగ్లండ్ చక్రవర్తికి వచ్చిన పంచాయితిల పాణం పెట్టిండు. ఆ ఇద్దరు చక్రవర్తులు ఒకరికొకరు చుట్టాలే, విక్టోరియా రాణికి మనుమలే. గది మనసుల పెట్టుకోండ్రి.

1913 అక్టోబర్‌ల గబర్ సింగ్ పల్టన్‌ల చేరిండు. 39వ గఢ్వాల్ రైఫిల్స్, రెండో బెటాలియన్. లాన్స్‌డౌన్ వాళ్ల ఛావుని. ఇప్పటి గఢ్వాల్ రైఫిల్స్‌కు కూడ అదే కేంద్రం. అప్పట్ల సిపాయి జీతం నెలకు 11 రూపాయలు. బట్టలు, కవాతు, తుపాకి పట్టుడు నేర్చుకునుడు... ఏడాది కూడ నిండలే, 1914 ఆగస్టుల యుద్ధం మొదలైంది.

మన సిపాయిలను ఓడలెక్కించిండ్రు. అక్టోబర్‌ల గఢ్వాలీలు ఫ్రాన్స్‌ల మార్సెయి రేవుల దిగిండ్రు. కొండల మధ్య పుట్టి పెరిగిన పిల్లలు సముద్రం చూసుడే గొప్ప. పాత తుపాకులు గుంజుకొని కొత్తయి చేతిల పెట్టిండ్రు. చలికాలం మీదికొచ్చింది గని చలి బట్టలు సరిపోయినన్ని అందలే. గఢ్వాల్ పోరలకు చలి కొత్త కాదు. కాని అది ఎండిన కొండ చలి. ఇది బురద చలి. ఫ్లాండర్స్ నేల తవ్వితె మూడడుగులకే నీళ్లు ఊరుతయి. ఆ నీళ్లల్ల, కందకాలల్ల మోకాళ్ల దాక మునిగి దినాలకు దినాలు నిలబడాలె. కాళ్లు మొద్దుబారి కుళ్లిపోయి, గుండు తాకకుండనే దవాఖాన పాలైనోళ్లు వందలు.

ఇండ్లకు జాబులు రాసేటోళ్లు. రాయ రానోళ్లు రాయించుకునేటోళ్లు. ఆ జాబులు ఊర్లకు పోయే ముందు తెల్లదొరలు చదివేటోళ్లు, దాని కోసం ఒక ఆఫీసే ఉండె. అందుకని సిపాయిలు చమత్కారం చేసిండ్రు. నల్ల మిరియాలు, ఎర్ర మిరియాలు అని రాసేటోళ్లు. నల్లయి అంటె మనోళ్లు, ఎర్రయి అంటె తెల్లోళ్లు. నల్ల మిరియాలు అయిపోవస్తున్నయని రాస్తె ఊర్ల పెద్దలకు అర్థమయ్యేది, ఇక్కడ మనోళ్లు మస్తు సస్తున్నరు, తమ్మున్ని పంపకుండ్రి అని. సెన్సార్ దొరలకు కూడ కొన్ని దినాలకు అర్థమైంది లెండి.

ఇక పతకం సంగతి. విక్టోరియా క్రాస్ 1856ల పెట్టిండ్రు. కాని భారతీయ సిపాయిలకు అది రాకుండ 1911 దాక రూలే ఉండె. పక్క పక్కన నిలబడి కొట్లాడితె తెల్లోనికి ఒక పతకం, మనోనికి ఇంకో పతకం. 1911ల ఆ గోడ తీసిండ్రు. మూడేండ్లకు యుద్ధమొచ్చింది. మొట్టమొదట అందుకున్నది ఖుదాదాద్ ఖాన్, 1914 అక్టోబర్ 31 నాటి లడాయికి. నవంబర్‌ల గఢ్వాల్ రైఫిల్స్ మొదటి బెటాలియన్ మనిషి దర్వాన్ సింగ్ నేగి అందుకున్నడు. ఫెస్టూబెర్ అనే ఊరి దగ్గర రాత్రంత కందకంల కొట్లాడి, తలకు, చేతికి దెబ్బలు తాకినా ఆగలే ఆయన. పాణంతోని బయటపడ్డడు. చక్రవర్తి ఐదో జార్జి ఫ్రాన్స్‌కే వచ్చి చేతికిచ్చిండు. ఏం కావాలె అని అడిగితె మా కర్ణప్రయాగకు బడి కావాలె అన్నడని గఢ్వాల్ల చెప్పుకుంటరు. నాకు ఈ కథ మస్తు ఇష్టం. భూమి అడగలే, బంగారం అడగలే, బడి అడిగిండు. గబర్ సింగ్‌కు అడిగే మోక రాలే.

నవ్ షపెల్ అని ఫ్రాన్స్ ఉత్తరాన ఒక చిన్న ఊరు. 1915 మార్చి 10 పొద్దుగాల ఏడున్నరకు బ్రిటిష్ తోపులు మోగుడు మొదలైంది. మూడువందలకు పైన తోపులు, 35 నిమిషాలు. అంతకు ముందు ఆఫ్రికాల బోయర్లతోని మూడేండ్లు చేసిన యుద్ధంల పేల్చినదానికంటె ఎక్కువ గుండ్లు ఆ అర్ధగంటలనే పేల్చిండ్రని లెక్క చెప్తరు. 8 గంటల 5 నిమిషాలకు సిపాయిలు కందకాలల్లకెళ్లి లేసి ఉరికిండ్రు. ఆ మొదటి వరుసల గఢ్వాల్ బ్రిగేడ్ ఉన్నది.

ఒక తప్పు జరిగింది. కుడి పక్కన పోయిన గఢ్వాల్ మొదటి బెటాలియన్ దిక్కు తప్పింది. తోపులు కొట్టిన కందకం మీదికి పోవాల్సింది, తోపులు ముట్టని కందకం మీదికి పోయింది. అక్కడ ముండ్ల తీగ తెగలే, జర్మనోళ్లు చెక్కుచెదరలే. దాని మీదికే పోయిండ్రు. చాన మంది అక్కడనే పడ్డరు. కొన్ని గజాల తేడాకు కొన్ని వందల ఇండ్లల్ల దీపం ఆరింది. యుద్ధం గురించి రీల్స్ చేసేటోళ్లు ఈ కొన్ని గజాల గురించి చేయరు.

గబర్ సింగ్ ఉన్న రెండో బెటాలియన్ సరైన దిక్కుకే పోయింది. తీగ తెగింది, ముందటి కందకం చేతికొచ్చింది. అయితె కందకంల దిగంగనే గెలిచినట్టు కాదు. ఇది కొంచెం విడమరిచి చెప్పాలె, లేకుంటె ఆయన చేసిన పని విలువ తెల్వది.

కందకాన్ని నీటి కాలువ లెక్క సీదా తవ్వరు. సీదా తవ్వితె శత్రువు ఒక కొసకు వచ్చి తుపాకి పెడితె ఆ కొస దాక అందర్ని కొట్టొచ్చు. అందుకని కొన్ని గజాలకొక మూల వచ్చేటట్టు, మెలికలు మెలికలుగ తవ్వుతరు. నడుమ మట్టి దిమ్మె అడ్డం ఉంటది. మూలకు ఇవతల ఉన్నోనికి అవతల ఏమున్నదో కనపడది. ఒక్కడుండొచ్చు, పది మందుండొచ్చు. వాళ్లు తుపాకి ఆ మూలకే గురిపెట్టి కాస్కోని ఉంటరు. కందకాన్ని ఖాళీ చేయించాలంటె ఒక్కొక్క మూల తిరగాలె. వెనుకున్నోళ్లు దిమ్మె మీదికెళ్లి అవతలికి బాంబులు ఇసురుతరు. బాంబులంటె ఇప్పటి గ్రెనేడ్లు అనుకునేరు. ఆ దినాలల్ల జామ్ డబ్బాలల్ల మందుగుండు, ఇనుప ముక్కలు కూరి, వత్తి పెట్టి చేసినయి కూడ ఉండె. చేతిలనే పేలిన సందర్భాలున్నయి. బాంబు పేలంగనే తుపాకికి బాయినెట్ పెట్టుకున్నోడు మూల తిరిగి లోపలికి దుంకాలె. ఆ మొదట దుంకెటోడు ఎవడు అన్నదే ప్రశ్న.

ప్రతి మూలకు మొదట దుంకింది గబర్ సింగ్. ఒక మూల కాదు, ఒకదాని వెనుక ఒకటి. పతకం ఇచ్చేటప్పుడు ప్రభుత్వం రాసిన కాయిదంల ఉన్న అసలు సంగతి గింతే. బాయినెట్, బాంబుల జట్టుల ఈయన ఒకడు, ముఖ్య కందకంల దిగి ప్రతి మూల తానే మొదట తిరిగిండు, శత్రువు వెనుకకు జరిగి జరిగి చివరకు లొంగిపోయిండు, ఆ కొట్లాటలనే ఈయన చనిపోయిండు. నాలుగు వాక్యాలకు మించి లేదు. ఆయనకు జమాదారు, సుబేదారు హోదా లేదు. మామూలు రైఫిల్‌మ్యాన్. హోదాలల్ల అన్నిటికంటె కింది మెట్టు.

నేను ఆ మూల గురించే ఎక్కువ ఆలోచిస్త. మొదటి మూల తిరుగుడు ఉడుకు రక్తం అనుకుందం. రెండోది అదృష్టం అనుకుందం. మూడోది, నాలుగోది? అవతల ఏముంటదో ఈసరికి చూసిండు, తెలుసు. తెలిసి తిరుగుడు వేరే. ఇంకో 42 దినాలైతె ఆయనకు ఇరవై ఏండ్లు నిండేటివి.

లడాయి మార్చి 13 దాక నడిచింది. నవ్ షపెల్ ఊరు చేతికొచ్చింది. దాని అవతలి గుట్ట ఆబెర్ కావాలనుకున్నరు, అది దొరకలే. మొత్తం గెలుచుకున్న నేల రెండు కిలోమీటర్ల లోతు కూడ లేదు. మా ఊరి బస్టాండు నుంచి చెరువు కట్ట దాక అంత. ఆ ముక్క కోసం భారతీయ దళంలనే సుమారు 4,200 మంది చనిపోయిండ్రు, గాయపడ్డరు, జాడ తెల్వకుండ పోయిండ్రు. గఢ్వాల్ రెండు బెటాలియన్ల మనుషులు ఎంత తక్కువైండ్రంటె, తర్వాత రెండిటిని కలిపి ఒక్కటే చేసి నడిపించాల్సి వచ్చింది.

ఏప్రిల్ 28 నాడు లండన్ గెజిట్‌ల గబర్ సింగ్ పేరు అచ్చైంది. ఆయన పుట్టినరోజు పోయి వారమైంది.

ఇక్కడికి ఆపితె ఇది ఒక దేశభక్తి పోస్టు అయితది, షేర్ చేసి మర్చిపోవచ్చు. కాని కొందరు దోస్తులు అడుగుతరు, తెల్లోని కోసం సచ్చినోన్ని మనమెందుకు యాది చేసుకోవాలె అని. మంచి ప్రశ్నే. తప్పించుకోను.

ఆ యుద్ధానికి మన దేశం నుంచి 13 లక్షలకు పైన మనుషులు పోయిండ్రు. 74 వేల మంది దాక వాపస్ రాలే. యుద్ధంల సాయం చేస్తె స్వపరిపాలన ఇస్తరని అప్పటి మన పెద్ద నాయకులే ఆశపడ్డరు. గాంధీ కూడ 1918ల ఖేడా ఊర్లల్ల తిరిగి సైన్యంల చేరుండ్రని చెప్పిండు. ఏమిచ్చిండ్రు? 1919ల రౌలట్ చట్టం ఇచ్చిండ్రు. ఏప్రిల్ 13 నాడు జలియన్‌వాలాబాగ్ ఇచ్చిండ్రు. పెద్ద పెద్ద బారిస్టర్లే మోసపోయిన చోట మంజూడ్ ఊరి పోరన్ని పట్టుకొని నీకెందుకు తెలివి లేదని అడుగుడు న్యాయం కాదు. లెక్క అడగాలంటె పంపినోన్ని అడగాలె.

ఇంకో ముచ్చట వినుండ్రి, ఇది మన పోరలకు తప్పకుండ తెల్వాలె. యుద్ధమైనంక 39వ గఢ్వాల్ రైఫిల్స్ పేరు 18వ రాయల్ గఢ్వాల్ రైఫిల్స్ అయింది. రెండో బెటాలియన్, అంటె గబర్ సింగ్ బెటాలియనే, 1930ల పెషావర్‌ల ఉన్నది. ఏప్రిల్ 23 నాడు కిస్సా ఖ్వానీ బజార్ల ఖాన్ అబ్దుల్ గఫార్ ఖాన్ మనుషులు చేతుల కట్టె లేకుండ నిలబడ్డరు. వాళ్ల మీద కాల్చమని ఆర్డర్ వచ్చింది. చంద్ర సింగ్ గఢ్వాలీ, ఆయన తోటి సిపాయిలు కాల్చమన్నరు. తుపాకులు దించిండ్రు. ఆ చంద్ర సింగ్ కూడ మొదటి యుద్ధంల ఫ్రాన్స్ పోయొచ్చినోడే. కోర్టు మార్షల్ పెట్టి ఆయనకు యావజ్జీవ శిక్ష వేసిండ్రు. 11 ఏండ్లు జైళ్లల్ల ఉండి 1941ల బయటికొచ్చిండు.

ఒకటే బెటాలియన్. 15 ఏండ్ల తేడా. ఒకడు ఆర్డర్ విని ప్రతి మూల తిరిగిండు, ఇంకొకడు ఆర్డర్ విని తిరగబడ్డడు. ఒకనికి పతకం, ఒకనికి జైలు. ఇద్దర్ల ఎవరు గొప్ప అని పోలింగ్ పెట్టకుండ్రి. గబర్ సింగ్ ముందట ఉన్నది తుపాకి పట్టిన సైన్యం. చంద్ర సింగ్ ముందట ఉన్నది వట్టి చేతుల జనం. ఆ ఫరక్ చంద్ర సింగ్‌కు తెలిసింది. గబర్ సింగ్ బతికుంటె 1930 నాటికి 35 ఏండ్ల హవల్దారో జమాదారో అయ్యేటోడు. ఆ బజార్ల ఉంటె ఏం చేసేటోడో అని నేను అప్పుడప్పుడు అనుకుంట.

మనకేం సంబంధం అనేటోళ్లకు రెండు మాటలు. ఢిల్లీల తీన్‌మూర్తి అని మూడు సిపాయి బొమ్మలున్నయి గద, అందుల ఒకటి మన హైదరాబాద్ లాన్సర్లది. నిజాం పంపిన ఆ గుర్రపు దళం మైసూరు, జోధ్‌పూర్ దళాలతోని కలిసి ఈజిప్టు, పాలస్తీనల యుద్ధం చేసింది. అటు ఆంధ్రల తాడేపల్లిగూడెం దగ్గర మాధవరాన్ని మిలిటరీ మాధవరం అనే పిలుస్తరు. రెండు ప్రపంచ యుద్ధాలకు ఆ ఊరి మనుషులు పోయిండ్రు, ఇప్పటికి కూడ పోతనే ఉన్నరు. గఢ్వాలోళ్లు గబర్ సింగ్‌ను పెట్టుకున్నట్టు మన దిక్కు పోయినోళ్ల పేర్లు మనం పెట్టుకున్నమా? నాకైతె మా మండలంల ఒక్క పేరు కూడ చెప్పరాదు. అది నా సిగ్గు.

గబర్ సింగ్ శవం దొరకలే, సమాధి లేదు. నవ్ షపెల్ల 1927ల ఒక స్మారకం కట్టిండ్రు. గుండ్రటి ప్రహరీ, నడుమ పెద్ద రాతి స్తంభం. సమాధి లేని 4,700కు పైన భారతీయ సిపాయిల పేర్లు దాని మీద చెక్కి ఉన్నయి. ఆ వరుసల ఈయన పేరు ఒకటి.

ఇంటి దగ్గర ఆయన పెండ్లం ఉన్నది. పేరు సతూరీ దేవి. మొగుడు పోయేనాటికి చిన్న పిల్లే. మన ఊర్లల్ల మొగుడు పోయిన ఆడిదాన్ని ఏం చేస్తరో మీకు తెలుసు. గాజులు పగలగొడ్తరు, బొట్టు తీస్తరు, శుభానికి ఎదురు రానియ్యరు. అక్కడ కూడ ఆ కాలంల పద్ధతులు ఇంతకంటె మెత్తగ ఉండెనని నేననుకోను. ఆమె మాత్రం మొగుని పతకం పెట్టెల దాచి తాళం వేయలే, రొమ్ము మీద పెట్టుకున్నది. ముదురెరుపు రిబ్బన్‌కు వేలాడే చిన్న కంచు ముక్క అది, బంగారం కాదు, వెండి కాదు.

ఏటేట ఏప్రిల్‌ల, ఆయన పుట్టిన దినాలల్ల, చంబాల గబర్ సింగ్ పేరు మీద మేళా జరుగుతది. మన జాతర లెక్కనే, చుట్టుపక్కల ఊర్లన్ని దిగుతయి. గఢ్వాల్ రైఫిల్స్ వచ్చి విగ్రహానికి సలాం చేస్తది, బ్యాండ్ మోగుతది. పల్టన్‌ల చేరాలనుకునే కొండ పోరలు కండ్లు పెద్దగ చేసుకొని చూస్తరు.

సతూరీ దేవి 1981 దాక బతికింది. ఆయనతోని కాపురం చేసింది ఎన్ని దినాలో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు, ఆయన పోయినంక బతికింది 66 ఏండ్లు. తెల్లదొర పోయిండు, టెహ్రీ రాజు పోయిండు, పల్టన్ పేరు మళ్ల మారింది. షోలే కూడ వచ్చి దేశమంత ఆ పేరు పెట్టి పిల్లలను బెదిరించుడు మొదలైంది. ఆ ముసలమ్మ మాత్రం చచ్చేదాక ఆ పతకం పెట్టుకునే ఉన్నది.